నిన్నటితో మొదలుపెడదాం

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు మీడియం పిల్లలకు మొదటి పాఠం ఏది కావాలి? పన్నెండు టెన్సుల చార్టు పక్కన పెట్టి సింపుల్ పాస్ట్‌తో మొదలుపెడితే దారి ఎంత దగ్గరవుతుందో చెప్పే కథనం.

‘ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021.’

అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, నారాయణగూడ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో ఈ వాక్యం తరచూ వినపడుతుంది. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అంటే చెప్పడానికి కంఠతా పట్టిన నాలుగు ముక్కల్లో ఇదొకటి. దీని వెనకే ‘ఐ వాజ్ స్టడీ ఇన్ జెడ్పీ హైస్కూల్’ వస్తుంది. చెబుతున్న మనిషికి చదువు లేక కాదు. రాజ్యాంగంలో ఏ అధికరణం ఏం చెబుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కాకతీయుల చెరువుల మీద పది పేజీలు రాయగలడు. తన సొంత జీవితంలో జరిగిపోయిన చిన్న సంగతిని ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది.

నిజానికి ఆ మొదటి వాక్యంలో ‘యామ్’ ఒక్కటి తీసేస్తే అంతా సరిపోతుంది. మరి ఆ ‘యామ్’ ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి రోజు మొదటి పాఠం నుంచి. ‘ఐ’ అంటే ‘యామ్’, ‘హి’ అంటే ‘ఈజ్’, ‘దే’ అంటే ‘ఆర్’ అని బోర్డు మీద రాసి వల్లె వేయించాం. ‘ఐ’ పక్కన ‘యామ్’ లేకపోతే ఏదో తప్పు చేసినట్టు వాళ్లకు అనిపిస్తోంది. తప్పు పిల్లలది కాదు, మనం పాఠాలు చెప్పే వరుసది.

ఈ వరుస మార్చాలన్నదే ఈ కథనం చెప్పదలచిన మాట. తెలుగు మాట్లాడే మనిషికి ఇంగ్లీషులోకి తేలిగ్గా తెరుచుకునే తలుపు సింపుల్ పాస్ట్. సింపుల్ ప్రెజెంట్‌తో మొదలుపెట్టి మనవాళ్ల కాళ్లకు మనమే అడ్డం పడుతున్నాం.

లైబ్రరీ చుట్టూ ఒక ఊరు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ఇందిరా పార్కు వైపు నడిస్తే అశోక్‌నగర్ అంటే ఏమిటో గోడలే చెబుతాయి. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్, ఎస్సై, డీఎస్సీ బోర్డులు. జిరాక్స్ షాపుల్లో కట్టలు కట్టలుగా మెటీరియల్. స్టడీ హాళ్లు, మెస్‌లు, మూడు మంచాల గదులు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదువుకుంటారు. ఆదిలాబాద్, నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ‘అన్నా’, ‘తమ్మీ’, ‘అక్కా’ అని పిలుచుకుంటూ ఏళ్లు గడుపుతారు.

వీళ్లలో చాలామంది పరీక్ష తెలుగులోనే రాస్తారు. అయినా ఇంగ్లీషు తప్పదు. సివిల్స్ మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీషు పేపరుంది. అందులో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఇంగ్లీష్ ఉంది. ర్యాంకులో దాని మార్కులు కలపరు, కానీ అది దాటకుండా ర్యాంకు లేదు. 2024 అక్టోబరు 21న మొదలైన మెయిన్స్‌లో మొదటి రోజు పరీక్ష అదే. స్థాయి పదో తరగతిదే. పదో తరగతి తెలుగు మీడియంలో దాటినవాళ్లకు ఆ పదో తరగతి ఇంగ్లీషే ఏళ్ల తర్వాత మళ్లీ ఎదురు నిలుస్తుంది.

చదువు భాష మారిపోయి జనం ఇబ్బంది పడటం ఈ పేటలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. తెలుగు ఇంటి పిల్ల తన భాషలో చదువుకోవాలంటే బడే లేని రోజుల్లో, 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమ పాఠశాల పెట్టారు. తెలిసిన భాష మీద నిలబడి తెలియని విద్య అందుకోవాలన్నది ఆ బడికి ప్రాణం. ఇంగ్లీషు క్లాసుల్లో మనం మరిచిపోయింది ఆ సంగతే. ఇంకో విషయం కూడా బాధపెడుతుంది. ఇంగ్లీషు ఎలా నేర్పాలో పరిశోధించడానికి 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. నేటి ఇఫ్లూ అదే. ఉస్మానియా క్యాంపస్ పక్కన ఉన్న ఆ సంస్థకు, అశోక్‌నగర్‌కు మధ్య దూరం ఆటోలో పావుగంట. ఆ పావుగంట దూరాన్ని దాటలేక ఇక్కడి గదుల్లో ఇంకా ‘గో-వెంట్-గాన్, కమ్-కేమ్-కమ్’ పారాయణమే నడుస్తోంది.

‘పోలే’ తెలిసినవాడికి ‘డిడ్ నాట్ గో’ తెలుసు

మన క్రియలు ఎలా పనిచేస్తాయో ఒకసారి చూడండి. ‘రోజూ లైబ్రరీకి వెళ్తాను’, ‘రేపు లైబ్రరీకి వెళ్తాను’. రెండింటికీ ఒకే రూపం. అలవాటుకూ భవిష్యత్తుకూ తెలుగులో తేడా చూపించం. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా ఈ రెంటినీ ఒకే కాలంగా చూపిస్తుంది. అందుకే మనవాళ్లకు ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంట్, ఫ్యూచర్ కలగాపులగం అవుతాయి. పైగా ‘హి’ వచ్చినప్పుడు క్రియ చివర ‘ఎస్’ చేర్చాలి, ‘డు’, ‘డజ్’ మార్చుకోవాలి. కొత్తగా వచ్చినవాడిని మొదటి వారమే ఈ ముళ్లదారిలో నడిపిస్తున్నాం.

జరిగిపోయిన దాని దగ్గర తెలుగుకు ఏ తికమకా లేదు. ‘వెళ్ళాను’ అంటే వెళ్ళడం అయిపోయింది. దాన్ని రేపటికి వాడలేం. మనసులో గీత స్పష్టంగా ఉంది. ఇంగ్లీషులోనూ అంతే, అక్కడైతే పని ఇంకా తేలిక. మనకు వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు అని ఆరు రూపాలు కావాలి. తెలంగాణ మాటలో పోయిన, పోయినవ్, పోయిండు, పోయింది, పోయినం, పోయిన్రు. ఇంగ్లీషులో అన్నిటికీ ఒక్కటే ‘వెంట్’. నేను, నువ్వు, వాడు, ఆమె, మేము, వాళ్లు ఎవరైనా సరే ‘వెంట్’. ఆరు రూపాలను తడబడకుండా వాడే నాలుకకు ఒక్క రూపం బరువా?

అసలు అందమంతా ‘లేదు’ అనే చోట ఉంది. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ‘ఐ డిడ్ నాట్ వెంట్’. దాన్ని దిద్దడానికి మాస్టార్లు ‘డిడ్ తర్వాత వీ వన్ వాడాలి, వీ టూ వాడకూడదు’ అని సూత్రం చెబుతారు. సూత్రం పరీక్ష దాకా గుర్తుంటుంది, నోరు తెరిచినప్పుడు గుర్తుండదు. అదే మనిషిని తెలుగులో అడగండి. ‘వెళ్ళాను లేదు’ అని ఎవరైనా అంటారా? ‘వెళ్ళలేదు’ అంటారు. ‘వచ్చాను లేదు’ అనరు, ‘రాలేదు’ అంటారు. మన భాషలోనూ ‘లేదు’ రాగానే క్రియ తన భూతకాలపు గుర్తు వదిలేసి మూలరూపానికి వెళ్లిపోతోంది. ‘డిడ్ నాట్’ రాగానే ‘వెంట్’ తిరిగి ‘గో’ అయిపోవడం అచ్చం ఇదే. ఇంకో పోలిక కూడా ఉంది. నేను పోలే, నువ్వు పోలే, వాడు పోలే, వాళ్లు పోలే. మనిషి మారినా మాట మారదు. ‘డిడ్ నాట్ గో’ కూడా మారదు. ‘పోలే’ అని పుట్టినప్పటి నుంచి అంటున్నవాడికి ఈ పాఠం సగం వచ్చేసినట్టే. అతనికి ఆ సంగతి చెప్పేవాళ్లే లేరు.

ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు చేయి వదిలేస్తుంది. ‘వచ్చావు’కు దీర్ఘం ఇస్తే ‘వచ్చావా’ అయిపోతుంది, క్రియ అలాగే ఉంటుంది. ఆ అలవాటుతోనే ‘వెన్ యు కేమ్?’ అని అడుగుతాం. ఇంగ్లీషులో ‘డిడ్’ ముందుకొచ్చి కాలాన్ని తన మీద వేసుకుంటుంది, క్రియ మళ్లీ మూలరూపమే: ‘వెన్ డిడ్ యు కమ్?’ ఇది చెవితో పట్టుకోవాల్సిందే. అలాగే ‘ఉన్నాను’ ఒకటి. ‘ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను’, ‘నిన్న వరంగల్‌లో ఉన్నాను’. తెలుగులో రెండూ ఒకటే. ఇంగ్లీషులో మొదటిది ‘యామ్’, రెండోది ‘వాజ్’. ‘ఆయన మా టీచర్’ అన్నప్పుడైతే మనం క్రియే వాడం. అందువల్ల ‘వాజ్’, ‘వర్’ దగ్గర మనకు ఆధారం దొరకదు. ఓపిక పట్టి విడిగా నేర్పాలి. ‘వాజ్ స్టడీ’, ‘వాజ్ వెంట్’ లాంటివి పుట్టేది ఇక్కడే.

మూడో చిక్కు ‘హ్యావ్’. ‘చూశాను’ అన్న ఒక్క మాట మనకు ‘సా’కూ ‘హ్యావ్ సీన్’కూ పనికొస్తుంది. అందుకే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అంటాం. మొదట్లో ఒక్క గుర్తు చాలు. వాక్యంలో నిన్న, మొన్న, పోయిన వారం, 2021లో, చిన్నప్పుడు అని అయిపోయిన సమయం ఉందా? ఉంటే ‘హ్యావ్’ జోలికి పోవద్దు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

తప్పులకూ చరిత్ర ఉంది

‘మామూలు క్రియలకు ఈడీ కలిపితే చాలన్నారు, మరి గోకు వెంట్ ఎందుకు?’ అన్నది ప్రతి క్లాసులో వచ్చే ప్రశ్న. ‘అది అంతే, బట్టీ పట్టండి’ అన్నది ఎక్కువగా వచ్చే జవాబు. ఇంతకంటే మంచి జవాబుంది. ‘వెంట్’ మొదట ‘గో’కు చెందింది కానే కాదు. ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాలం. కాలక్రమంలో ‘గో’ దాన్ని తీసేసుకుంది. ‘హెల్ప్’కు ఒకప్పుడు ‘హోల్ప్’ అనే రూపం ఉండేది. అది పోయి ‘హెల్ప్డ్’ నిలిచింది. 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రాచీన ఇంగ్లీషులోని 177 క్రమం తప్పిన క్రియలను లెక్కలోకి తీసుకుంది. వాటిలో ఈనాటికీ అలా మిగిలినవి 98. అరుదుగా వాడేవి త్వరగా ‘ఈడీ’ దారిలోకి వచ్చేశాయి. నోటి నిండా తిరిగేవి పాత రూపం వదల్లేదు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే పది క్రియలూ, బి, హ్యావ్, డు, సే, గో, గెట్, మేక్, టేక్, కమ్, సీ, అన్నీ ఆ కోవలోవే.

ఈ చరిత్ర నేర్చుకునేవాడికి రెండు రకాలుగా పనికొస్తుంది. మొదటిది, వందల క్రియల పట్టిక బట్టీ పట్టనవసరం లేదు. రోజూ నోట్లో ఆడే పాతిక ముప్ఫై చాలు, వాడకమే వాటిని నిలబెడుతుంది. రెండోది, ఎవరైనా ‘బైడ్’ అనో ‘కమ్‌డ్’ అనో అంటే నవ్వకూడదు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లలు కూడా ‘గోడ్’ అంటారు. సూత్రం తలకెక్కిందనడానికి అది సాక్ష్యం.

మన భాష కూడా ఇలాగే నడిచొచ్చింది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం కాలానికి గ్రంథాల్లో ‘చేసితిని’ ఉంది. ఇప్పుడు కోస్తాలో ‘చేశాను’, తెలంగాణలో ‘చేసిన’. ఈ మూడూ తెలుగే. ఒక్క హాస్టల్ గదిలో ‘వచ్చాడు’, ‘వచ్చిండు’ పక్కపక్క మంచాల మీద వినపడతాయి, ఎవరికీ అర్థం కాకపోవడం ఉండదు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్సు, కారు, బ్యాంకు అని పరాయి మాటకు కూడా అచ్చు తగిలిస్తాం. అందుకే ‘వాక్డ్’, ‘ఆస్క్డ్’, ‘హెల్ప్డ్’ మన నోట్లో ‘వాకెడ్’, ‘ఆస్కెడ్’, ‘హెల్పెడ్’ అవుతాయి. ట, డ ధ్వనులతో ముగిసే ‘వాంట్’, ‘నీడ్’ లాంటి వాటికే ‘ఎడ్’ విడిగా పలుకుతుంది. వాక్, ఆస్క్, హెల్ప్ దగ్గర అది పొట్టి ‘ట్’. ప్లే, కాల్ దగ్గర ‘డ్’. ఇది నెమ్మదిగా వచ్చే విద్య. దీనికోసం మాట్లాడటం ఆపకూడదు.

సొంత కథ చెప్పుకున్న తొలి తెలుగువాడు

వెన్నెలకంటి సుబ్బారావు పేరు అశోక్‌నగర్‌లో ప్రతి క్లాసులో వినపడాలని నా కోరిక. 1784లో పుట్టిన ఒంగోలు ప్రాంతపు మనిషి. చార్టులు, గైడ్లు, కోచింగ్‌లు లేని రోజుల్లో ఇంగ్లీషు నేర్చుకుని మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడయ్యాడు. తన జీవితకథను తానే ఇంగ్లీషులో రాసుకున్నాడు. 1839లో ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1873లో, అది మద్రాసులో అచ్చయింది. తెలుగువాళ్లలో ఇంగ్లీషులో ఆత్మకథ రాసిన తొలి మనిషి ఆయనే.

ఆత్మకథకు కావలసిన వ్యాకరణం ఏమిటి? పుట్టాను, చదివాను, వెళ్ళాను, చేరాను. ఇదంతా సింపుల్ పాస్టే. ఒక మనిషి తన బతుకు తాను చెప్పుకోవడానికి ఇంగ్లీషులో మొదట కావలసింది అదే. ఆ మనిషే 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా బడుల తీరు మీద నివేదిక ఇచ్చాడు. పిల్లలు అర్థం తెలియకుండా చదువుతున్నారన్నది అందులో ఆయన ఆవేదన. రెండు వందల ఏళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు.

క్లాసు బయట ఉన్న పాఠం

సాధనకు సరుకు ఈ వీధుల్లోనే దొరుకుతుంది. లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు తీయండి. శీర్షికలో ‘సీఎం ఇనాగరేట్స్ స్కూల్’ అని వర్తమానంలో ఉంటుంది. కింద వార్త మొదలవగానే ‘ఇనాగరేటెడ్’ అయిపోతుంది. శీర్షిక చూసి నేర్చుకునేవాడు గందరగోళపడతాడు, కింద వార్త చదివేవాడికి సింపుల్ పాస్ట్ పుష్కలంగా దొరుకుతుంది. రోజుకు ఒక చిన్న వార్త తీసుకుని క్రియల కింద గీతలు గీస్తే చాలు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూసొచ్చి కథ ఇంగ్లీషులో చెప్పమనే మాస్టార్లు ఉన్నారు. ఉద్దేశం మంచిదే, కానీ ఈ పాఠానికి అది కుదరదు. సినిమా కథ మనం ‘హీరో వస్తాడు, విలన్ని కొడతాడు’ అనే చెబుతాం. ఇంగ్లీషులోనూ వర్తమానంలోనే చెబుతారు. దానికి బదులు సినిమాకు ఎలా వెళ్లారో చెప్పించాలి. ఎవరితో వెళ్లారు, టికెట్ దొరికిందా, ఎక్కడ తిన్నారు, ఎన్నింటికి గదికి చేరారు.

అన్నిటికంటే మంచి పాఠం రాత్రి ఇంటి నుంచి వచ్చే ఫోన్‌లో ఉంది. ‘తిన్నవా బిడ్డా?’ ‘తిన్ననమ్మా.’ ‘ఏం కూర పెట్టిన్రు?’ ‘పప్పు పెట్టిన్రు.’ ‘క్లాసుకు పోయినవా?’ ‘పొద్దున పోయిన, సాయంత్రం పోలే.’ ‘నాయిన పంపిన పైసలు వచ్చినయా?’ ‘ఇంక రాలే.’ ఈ మాటలన్నీ జరిగినవాటి గురించే. ఫోన్ పెట్టేశాక ఆ సంభాషణనే పక్క మంచం మీది అన్నతో ఇంగ్లీషులో మళ్లీ నడపండి. ‘డిడ్ యు ఈట్?’ ‘యెస్, ఐ ఏట్.’ ‘డిడ్ యు గో టు క్లాస్?’ ‘ఐ వెంట్ ఇన్ ద మార్నింగ్. ఐ డిడ్ నాట్ గో ఇన్ ద ఈవినింగ్.’ అవును, కాదు, ప్రశ్న, మూడూ వచ్చేశాయి. పైసల మాట ఇప్పటికి వదిలేయండి, ‘ఇంక రాలే’ అన్నది ‘హ్యావ్’ దగ్గరికి పోతుంది. పది రోజులు ఇలా నడిపితే ‘డిడ్’ తర్వాత ‘వెంట్’ అనడానికి నోరే ఒప్పుకోదు.

ఇక్కడ కోచింగ్ నడిపేవాళ్లకు ఒక విన్నపం. మొదటి రోజు పన్నెండు టెన్సుల చార్టు పంచకండి. మొదటి రెండు వారాలు క్లాసులో నిన్నటి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడించకండి. తెలుగు వినపడితే ఫైన్ వేసే పద్ధతి మానేయండి. ‘రాలేదు’ను పక్కన పెట్టుకునే ‘డిడ్ నాట్ కమ్’ చెప్పండి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆ బడుల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయుల్లో ఎంతోమంది తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లే. ఈ దారి వాళ్లకూ పనికొస్తుంది.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఒక్కటే. ఈ రాత్రి పడుకునే ముందు ఇవాళ చేసినవి ఐదు, చేయనివి రెండు ఇంగ్లీషులో పైకి చెప్పండి. గదిలో ఉన్నవాళ్లను ఒక్క ప్రశ్న ‘డిడ్ యు’తో అడగండి. తప్పులు వస్తే రానివ్వండి, మాట మధ్యలో ఆగకండి. రేపు కూడా చెప్పండి.